వెనక వరసల గుసగుసలు

భూమయ్య సారుకు మైకు అక్కర్లేదు, మైకుకే ఆయనతో అవసరం. ప్రార్థన వేదికెక్కి ఆయన గొంతు సవరించుకుంటే చాలు, పక్క ఫ్యాక్టరీ సైరను మోగడం మానేసి చెవులు రిక్కించేది. ఒకనాడు ఆయన "సావధాన్!" అన్న కేకకు బడి కప్పు మీది పావురాలన్నీ లేచిపోయి పక్క జిల్లాలో కాపురాలు పెట్టుకున్నాయి. ఇప్పటికీ తిరిగి రాలేదు. కావాలంటే వెళ్లి కప్పు చూసుకోవచ్చు.

అంతటి గొంతూ ఆ సాయంత్రం అడుగంటింది.

హెడ్మాస్టరు ఇనాయతుల్లా సారు గదిలోకి వచ్చి, అడక్కుండానే కుర్చీలో కూలబడ్డాడు భూమయ్య. చిన్నప్పుడు తనకు లెక్కలు నేర్పిన గురువు ముందు కాళ్లు చాపుకుని కూర్చోవడం అదే మొదటిసారి.

"నాతోని కాదు సార్."

హైదరాబాదులో ఫ్యాక్టరీల నడుమ ఇరుక్కున్న సర్కారు హైస్కూలది. తెలుగు పిల్లలు, ఉర్దూ పిల్లలు, బీహారు నుంచీ ఒడిశా నుంచీ పనికొచ్చిన కూలీల పిల్లలు. స్టాఫ్‌రూములో ఆ బడికి 'రైల్వే జంక్షను' అని పేరు. పిల్లల్ని ఆడిపోసుకుని అలిసిపోయాక టీచర్లు హెడ్మాస్టరు మీద పడేవారు. బెత్తం పట్టడు, కేకెయ్యడు. ఆయన కూర్చున్నా ఆ కుర్చీ ఖాళీగా ఉన్నట్టే ఉంటదని వాళ్ల మాట.

"ఏమైంది బేటా?" అన్నారు సారు.

"తొమ్మిదో తరగతి వెనక వరసలు సార్. పొద్దున ప్రార్థనల నేను మాట్లాడినంతసేపూ వాళ్ల నోళ్లు ఆడుతనే ఉంటయి. ఆ గుల్షన్ అనే పిల్లయితే మరీ ఘోరం. ఇటు తిరిగి గుసగుస, అటు తిరిగి గుసగుస. ఆ పిల్లకూ, చుట్టూ ఉన్నోళ్లకూ టీసీలిచ్చి బయటికి పంపుండ్రి. లేదంటే నన్ను పంపుండ్రి. స్టాఫంతా ఇదే మాట."

"నా గురించి ఏమంటున్నది స్టాఫు?"

భూమయ్య తల దించుకున్నాడు. "ఊకోండి సార్."

సారు తన చాయ్‌లో సగం సాసర్లో పోసి శిష్యుడి ముందుకు జరిపారు.

"రేపు నీ తిట్లు నేను తిడతా. నువ్వు పోయి ఆ పిల్లల వెనక నిలబడు. ఆ తర్వాత ఎవర్ని పంపమంటే వాళ్లను పంపుతా."

మర్నాడు సారు వేదికెక్కారు. ఎక్కి తిట్టారు చూడండి! ముప్పయ్యేళ్లుగా గట్టి మాట ఎరగని ఆ నోట్లోంచి తిట్టు వినేసరికి మైకు నమ్మలేక కీచుమంది. వరండాలో టీచర్లు తెరిచిన నోళ్లలోకి ఒక కాకి, గూటికి జాగా దొరుకుతుందేమోనని తొంగి చూసి పోయింది. ఆలస్యంగా రావడం, మాసిన యూనిఫారాలు, తల్లిదండ్రుల కష్టం, దేశ భవిష్యత్తు... భూమయ్య తిట్లే, వరస కూడా తప్పలేదు. నడుమ గేటు వేళ గురించిన మాటొక్కటే కొత్త.

వెనక ఎండలో భూమయ్య నిలబడ్డాడు. మోకాళ్లు లాగుతున్నాయి. ఆయన్ని చూసి మొదట బిగుసుకుపోయిన పిల్లలు కాసేపటికి మరిచిపోయారు. గుల్షన్ ఎడమకు తిరిగింది. పెదాలు కదిలాయి.

'దొరికింది' అనుకుని ముందుకు వంగాడు.

"రేపట్నుంచి గేటు తొమ్మిదింటికే మూస్తారంట. తొందరగా రండి" అంటోంది గుల్షన్, హిందీలో. ఆ పక్కన సస్మిత అనే సన్నటి పిల్ల అదే మాటను ఒడియాలో తన వెనకవాళ్లకు అందించింది. అంతే. ఆ తర్వాత అందరూ కదలకుండా నిలబడ్డారు.

"ఏం చేస్తున్నవ్?" అన్నాడు భూమయ్య. 

గుల్షన్ ఉలిక్కిపడింది. "వీళ్లకు తెలుగు రాదు గదా సార్. నేను హిందీల చెప్తా. సస్మిత వాళ్లోళ్లకు చెప్తది."

వాళ్లకు తెలుగు రాదని భూమయ్యకు తెలియంది కాదు. తెలిసే, ఇన్నాళ్లూ గొంతు పెంచాడు.

"హెడ్మాస్టరు అంతసేపు మాట్లాడితే నువ్వు ఒక్క ముక్కే చెప్పినవేంది?"

"మిగతాది రోజూ ఉండేదే గదా సార్."

"మరి రోజూ నేను మాట్లాడినప్పుడు ఏం చెప్తవ్?"

ఆ పిల్ల నేల చూసింది. సస్మితను చూసింది. సస్మిత నవ్వు ఆపుకుంది.

"చెప్పు, ఏమనను."

"సార్ బాగా అలిసిపోయిండు, కొంచెంసేపు సప్పుడు చెయ్యకుండ్రి అని చెప్తా సార్."

భూమయ్య వరసల పక్కనుంచి మెల్లగా నడిచి వేదిక దగ్గరికి వచ్చాడు. ఇనాయతుల్లా సారు మైకు ఆపేసి, రొప్పుతూ, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. మెట్టు దిగడానికి చెయ్యి చాపారు. భూమయ్య పట్టుకున్నాడు.

"వెనక్కి వినబడ్డదా బేటా?"

"వినబడ్డది సార్."

"మరి ఎవర్ని పంపుదాం?"

భూమయ్య వెనక వరసల వైపు చూశాడు. గుల్షన్ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంకా కదలకుండానే నిలబడి ఉంది.

"పిల్లల్ని క్లాసులకు పంపుదాం సార్. ఎండెక్కుతుంది."