వేరే గ్లాసు

ఆ గురువారం సుధీంద్ర ఒక నిర్ణయం గట్టి చేసుకునే ఫకీరు గుల్జార్ షా బాబా ఉండే తకియాకు వచ్చాడు. ఇన్నాళ్లూ తనతో కలిసి బతికిన కిరీటిని ఊరికి పంపెయ్యాలి. ఆ మాట ఫకీరు నోటి నుంచి వస్తే పాపం తనకు అంటదని అతగాడి లెక్క.

ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకుని కాపురం పెడతామంటే కర్నూల్లో ఇల్లెవరిస్తారు? వరసకు అన్నదమ్ములమని చెప్పి అద్దెకు దిగారు. బాబా మాత్రం వాళ్లచేత ఏ అబద్ధమూ చెప్పించలేదు. మొదటి రోజే ఇద్దరికీ ఒకే చాప చూపించాడు.

ఇప్పుడు కిరీటికి హెపటైటిస్ సి వచ్చింది. ఆ పేరు వినగానే సుధీంద్రకు తిండీ నీళ్లతో అంటుకునే పచ్చకామెర్లు గుర్తొచ్చాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లి కిరీటికి కంచం వేరు చేశాడు, గ్లాసు వేరు చేశాడు, పక్క కూడా వేరు చేశాడు. తకియాకు వస్తూ ఆ గ్లాసును కవర్లో చుట్టి మరీ తెచ్చాడు. వెంట వచ్చిన కిరీటి లోపలికి రాకుండా అరుగు మీదే ఆగిపోయాడు.

"ఎంత జాగ్రత్తగా ఉన్నా భయంగానే ఉంది బాబా. వాడి ఎంగిలి తగిలితే నేనూ పోతాను. వాణ్ణి ఊరికి పంపెయ్యమంటారా?"

బాబా కవర్లోని గ్లాసు తీసి, కుండలో నీళ్లు ముంచి, అరుగు మీదికి తీసుకెళ్లాడు. కిరీటి సగం తాగాడు. మిగిలిన సగం కోసం బాబా చెయ్యి చాచాడు.

"వద్దు బాబా, ఎంగిలి" అన్నాడు కిరీటి బెదిరిపోయి.

బాబా గ్లాసు లాక్కుని గటగటా తాగేశాడు. లోపలి నుంచి చూస్తున్న సుధీంద్ర చివాలున లేచి నిలబడ్డాడు.

"దాహమేసింది నాయనా" అంటూ వచ్చి కూర్చున్నాడు బాబా. "కానియ్యి, గుండు గియ్యి."

గురువారం గురువారం ఆ సేవ సుధీంద్రదే. సబ్బు నురగ పూసి, సంచిలోంచి రేజరు తీశాడు. బాబా అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఇది ఎవరిది?"

"మాదే బాబా. ఇద్దరం దీంతోనే గీసుకుంటాం. నీదీ నాదీ అనే మాట మా మధ్య ఏనాడూ లేదు." గొంతులో గర్వం పలికింది.

"జబ్బు తెలిశాక కూడానా?"

"అవును."

"డాక్టరు ఏమన్నాడు?"

"మందులతో నయమవుతుందన్నాడు. నెత్తురు నుంచి నెత్తురుకు పాకుతుంది, సూది పంచుకోవద్దు, బ్లేడు పంచుకోవద్దు, పడకలో తొడుగు మానొద్దు అన్నాడు. ఇద్దరినీ పరీక్ష..."

సుధీంద్ర రేజరు కింద పెట్టాడు. స్నేహితులంతా చేరి మత్తు ఎక్కించుకున్న పార్టీలు కళ్ల ముందు మెదిలాయి. తను పొడుచుకున్న సూదితోనే ముద్దు చేస్తూ కిరీటి చేతికి పొడిచింది తనే. పరీక్షకు మాత్రం పోలేదు. నాకేం, దుక్కలా ఉన్నానుగా అనుకున్నాడు. తన మీద తనకే అసహ్యం పుట్టింది.

బాబా తువ్వాలుతో తల మీది నురగ తుడుచుకున్నాడు.

"పరీక్ష చేయించుకుని రా. ఎవరిని ఊరికి పంపాలో అప్పుడు అడుగు."

సుధీంద్ర తల వంచుకుని బయటికొచ్చి, కిరీటి పక్కన కూర్చోబోయాడు. కిరీటి గబుక్కున అరుగు చివరికి జరిగాడు.

"దూరంగా కూర్చో" అన్నాడు, గొంతులో కోపమన్నది లేకుండా. "నీకు అంటుకుంటుంది."