ఎర్రకొండ దగ్గర వెనక్కి తిరిగిన మద్దిలేటి

అనగా అనగా, ఆకాశంలో గాలిమోటారు చప్పుడు వినబడితే జనం కలుపు తీసేది ఆపి తలెత్తి చూసే రోజులు. అప్పుడు ఎర్రకొండ కింది బయలులో మద్దిలేటి అనే మనిషి ఉండేవాడు. నీళ్ళ మోటార్లు బాగుచేసుకుని బతికేవాడు.

ఎవరో వదిలేసి పోయిన చిన్న గాలిమోటారు ఒకటి ఆయనకు దొరికింది. ఇద్దరు కూర్చుంటే నిండిపోయేది. దాని రెక్కలు చిరిగాయి, చక్రాలు ఊడాయి, ఇంజను తుప్పు పట్టింది. ఒక ఏడు రెక్కలు కుట్టాడు. ఒక ఏడు చక్రాలు బిగించాడు. ఒక ఏడు ఇంజను విప్పి తోమాడు. మూడేళ్ళకు అది లేచింది.

రెక్కలకు గుడ్డ నేసిచ్చింది సంజమ్మ. తన గుడ్డ ఎగురుతుంటే తాను కింద ఉండనంది. ఆడమనిషికి ఎందుకని ఊరంతా అడిగింది. మద్దిలేటి మాత్రం ముందు సీటు దుమ్ము తుడిచి కూర్చోమన్నాడు.

నేర్పేటప్పుడు ఆయన కోప్పడేవాడు కాదు. గాలిమోటారును నడిపే చేతికర్రను ఆమె భయంతో బిగపట్టుకుంటే, కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోమనేవాడు. చక్రాలు నేల వదిలిన ప్రతిసారీ, అదే మొదటిసారి అన్నట్టు పగలబడి నవ్వేవాడు. అలా ఎగిరి ఎగిరి ఇద్దరూ అన్నాచెల్లెళ్ళయ్యారు.

ఎర్రకొండ దాటి అవతల ఏముందో చూడాలని వాళ్ళ ఆశ. ఆ మాట పాకింది. మూడూళ్ళ జనం సద్దిమూటలు కట్టుకుని వచ్చారు.

మొదటిరోజు మద్దిలేటి లేచాడు. కొండ మీద మబ్బు కూర్చుంది. వెనక్కి తిరిగాడు. జనం నవ్వారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వాడు.

రెండోరోజు మద్దిలేటి లేచాడు. కొండ మీద సుడిగాలి లేచింది. వెనక్కి తిరిగాడు. జనం ఇంకా నవ్వారు. ఆయనా ఇంకా నవ్వాడు.

మూడోరోజు సంజమ్మను ఒక్కదాన్నే ఎక్కించి పంపాడు. ఆకాశం అద్దంలా ఉంది. కొండ దాకా పోయేసరికి, దాని వెనక ఆకాశం అంచున నల్లటి గీత ఒకటి కనబడింది. ఇంకాస్త పోతే కొండ దాటినట్టే. తిరిగితే మూడూళ్ళ నవ్వూ తన మీదే. రెండుసార్లు నవ్వుకుంటూ దిగిన మనిషి గుర్తొచ్చాడు. ఆమె వెనక్కి తిరిగింది.

దిగి, తలొంచుకుని నిలబడింది.

"అన్నా, నీ పేరు నిలబెట్టలేకపోయినా."

"నువ్వు నిలబడినావు కదమ్మా, అది చాలు," అన్నాడు మద్దిలేటి.

జనం నవ్వబోయారు. అంతలో గాలివాన కొండ దాటి వచ్చిపడింది. గడ్డివాములు లేచిపోయాయి, గుడిసెల కప్పులు లేచిపోయాయి. అందరూ కలిసి గాలిమోటారుకు తాళ్ళు కట్టి, ఆ తాళ్ళను పట్టుకుని వేలాడారు. ఆ రోజు మరెవరూ నవ్వలేదు.

నాలుగోరోజు చూడ్డానికి ఎవరూ రాలేదు. ఆ రోజే ఇద్దరూ కొండ దాటారు. అవతలా ఇలాంటి ఊళ్ళే ఉన్నాయి, ఇలాంటి జొన్నచేలే ఉన్నాయి. అయినా మద్దిలేటి బతికినన్నాళ్ళూ ఆ చేల సంగతి చెప్పి చెప్పి మురిసిపోయేవాడు.

పండు ముసలివాడై ఆయన పోయాడు. తన బూడిద ఎర్రకొండ మీద చల్లమని చెప్పి పోయాడు. సంజమ్మ బూడిద కుండ ఒళ్ళో పెట్టుకుని గాలిమోటారులో లేచింది. కింద కర్మకు వచ్చిన జనం ఆకుల ముందు కూర్చుని, ఆమె పని ముగించి వస్తే తిందామని ఎదురుచూస్తున్నారు.

కాసేపటికే ఆమె దిగింది. కుండ ఒళ్ళోనే ఉంది.

"కొండ మీద మబ్బుంది," అంది సంజమ్మ.

ఒకరు ఫక్కున నవ్వారు. ఏడుస్తున్న వాళ్ళూ నవ్వారు. ఆ బయలంతా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ముసలాళ్ళు లేచి ఆమెను పంక్తి మొదట్లో కూర్చోబెట్టి, మొదటి ముద్ద ఆమెకే వడ్డించారు. బూడిద మరో మూడు రోజులకు గానీ కొండ చేరలేదు.

ఇప్పటికీ ఎర్రకొండ కింది ఊళ్ళలో, ఎవరైనా వానకో వాగుకో జంకి సగం దారిలో తిరిగొస్తే, ఎందుకొచ్చావని అడగరు. కాళ్ళకు నీళ్ళిచ్చి, పంక్తి మొదట్లో కూర్చోబెడతారు. మొదటి ముద్ద వడ్డిస్తూ, "ఇది మద్దిలేటి ముద్ద, తిను," అంటారు.