మద్దెల గుర్తు

“కడుపునిండా తిని, వండినావిడ ఊసు మనకెందుకంటావా? సిగ్గుందిరా నీకు?”

జగ్గునాయుడు మాస్టారు అంత మాట అన్నది పైడిరాజు అడిగిన ఒక చిన్న ప్రశ్నకే.

పార్వతీపురంలో మాస్టారిది పుస్తకాలు కంపోజు చేసే దుకాణం, పైడిరాజు అందులో టైపు చేసే కుర్రాడు. అమావాస్యనాడు కొత్త పని ఎవరూ తేరు గనక, ఆ రోజు కంప్యూటరు హార్డ్ డిస్కు మొత్తాన్ని బయటి డిస్కులోకి కాపీ చేసేవారు. అది ముగిసేదాకా మౌసు మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. తరవాత ఆ డిస్కును గుడ్డలో చుట్టి, డజను అరటిపళ్ళతో వెనకవీధి అప్పలనర్సమ్మగారింటికి పంపేవారు. మళ్ళీ అమావాస్యదాకా అది ఆవిడ బీరువాలో ఉండేది. దుకాణంలోని తెలుగు అక్షరాలన్నీ ఆవిడవే. ఒక్కొక్క అక్షరాన్నీ, ఒక్కొక్క ఒత్తునూ ముందు కాగితం మీద గీసి, తరవాత కంప్యూటరులోకి ఎక్కించిన మనిషి.

పైడిరాజు అడిగిందేమిటంటే, “మన పుస్తకాల ఫోల్డరు ఒక్కటీ కాపీ చేస్తే అరగంటలో అయిపోతుంది కదా మాస్టారూ! మొత్తం ఎందుకు? అక్షరాలెక్కడికి పోతాయి?”

మాస్టారు తిట్టారు గాని వివరం చెప్పలేదు. వాదించి ఒప్పించడం ఆయనకు అలవాటు లేదు.

ఆ రోజుల్లో పైడిరాజు ప్రాణమంతా ఒక్క పుస్తకం మీదే ఉండేది. అతని తండ్రి భాగవతం ఆడేవాడు. సత్యభామ వేషం కడితే ఊళ్ళకు ఊళ్ళు కదిలివచ్చేవి. ఆయన పాడే దరువులు ఏ కాగితం మీదా లేవు, నోట్లోనే ఉండేవి. చివరి వేసవిలో కొడుకు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని పాడుతూ, మద్దెల దెబ్బ పడేచోటల్లా బల్లమీద వేళ్ళతో కొట్టి చూపించేవాడు. కొడుకు అక్కడొక చుక్క పెట్టుకుంటూ టైపు చేశాడు. వానలు పడగానే తండ్రి పోయాడు. పుస్తకం మిగిలింది.

చుక్కలు చాలవని అప్పలనర్సమ్మగారు కర్ర పట్టుకుని దుకాణానికి వచ్చింది. వణికే కుడిచేతిని ఎడమచేత్తో అదిమిపట్టి, ఆ చుక్కల బదులు మద్దెల ఆకారంలో ఒక బుల్లి గుర్తు గీసి, తన అక్షరాల వరసలో చేర్చింది.

“వయసులో ఉన్నప్పుడు తెల్లార్లూ మేలుకుని మీ నాన్న ఆట చూసేదాన్ని బాబూ. అంత సంతోషానికి ఇప్పటికి ఈపాటి ఇచ్చుకోగలిగాను. ఇంక ఈ చెయ్యి పనికిరాదు” అంది.

తరవాతి అమావాస్యకు మాస్టారు సాలూరులో పెళ్ళికి వెళ్తూ కాపీ పని పైడిరాజుకు అప్పగించారు. మధ్యాహ్నం ఆటకు స్నేహితులు సినిమా టిక్కెట్లు తీసి ఉంచారు. పైడిరాజు పుస్తకాల ఫోల్డరు మటుకు డిస్కులో వేసి, దారిలో రెండు పళ్ళు తిని, మిగతావి తీసుకుపోయి ఇచ్చాడు.

“పదే ఉన్నాయేమిరా? మీ మాస్టారు డజను కదా పంపేది?” అందావిడ.

“అమావాస్యనాడు చంద్రుడే కనపడడు, రెండు పళ్ళకేం లెండి!” అన్నాడు. ఆవిడ నవ్వేసింది.

మర్నాడు మాస్టారు అడిగారు. “మొత్తం చేశావా?”

“మొత్తం చేశాను మాస్టారూ.”

పక్షం తిరగకుండానే కంప్యూటరులో హార్డ్ డిస్కు బల్లిలా టిక్కుటిక్కుమని, ఆగిపోయింది. బాగుచేసేవాడు పెదవి విరిచాడు. కొత్త డిస్కు బిగించి, అప్పలనర్సమ్మగారి ఇంటినుంచి కాపీ తెచ్చి అందులోకి దింపారు. పైడిరాజు తండ్రి పుస్తకం తెరిచాడు. సత్యభామ ప్రవేశ దరువు నల్లగా, నిండుగా తెరమీద నిలిచింది. తను అక్కర్లేదన్న అక్షరాలు, అంతకుముందు అమావాస్యకు మాస్టారు చేసిన కాపీలోంచి లేచివచ్చి తన తండ్రి మాటను నిలబెట్టాయి. అతను వెనకవీధి వైపు తిరిగి చేతులు జోడించాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

మద్దెల దెబ్బ పడవలసిన ప్రతిచోటా ఒక ఖాళీ గడి ఉంది. మాస్టారు ఆ కాపీ చేసేనాటికి ఆవిడ ఆ గుర్తు ఇంకా గీయనేలేదు.

మాస్టారు గడుల వంక చూసి, అతని వంక చూశారు. “మొత్తం అన్నావు” అన్నారు.

పైడిరాజు అంతా చెప్పేశాడు, రెండు అరటిపళ్ళతో సహా.

అప్పలనర్సమ్మగారిని రిక్షాలో తీసుకొచ్చారు. ఆవిడ ఎన్నిసార్లు ప్రయత్నించినా గీత వానపాములా మెలికలు పోయింది. “నావల్ల కాలేదు, ఏమనుకోకు బాబూ” అంది. ఆవిడ అలా అనడం అతనికి తిట్టుకన్నా బరువైంది. ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడిపోయాడు.

“వేరే ఎవరిచేతనైనా గీయిద్దాం మాస్టారూ” అన్నాడు చివరికి.

“వద్దు. గడులు గడులుగానే అచ్చుకానీ.”

ఐదువందల ప్రతులూ అలాగే అచ్చయి వచ్చాయి. ఆనాటినుంచి పైడిరాజు దుకాణం పని ముగించి ఒక్కొక్క ప్రతి తెరుస్తాడు. తండ్రిలాగే ఎడమచేత్తో బల్లమీద దరువు వేసుకుంటూ, గడి గడిలోనూ కలంతో ఒక బుల్లి మద్దెల గీస్తాడు. అమావాస్యనాడు మటుకు కలం పట్టడు. ఎవరూ చెప్పకుండానే డిస్కు మొత్తం కాపీ చేసి, డజను పళ్ళూ లెక్కపెట్టి పట్టుకెళ్తాడు. పట్టుకెళ్ళినప్పుడల్లా ఆవిడ కుడిచేతిని కళ్ళకద్దుకుంటాడు.

ఏడాది తిరిగినా ప్రతులు సగం కూడా పూర్తికాలేదు. వేళ్ళు కాయలు కాశాయి. ఒక సాయంత్రం అతను మణికట్టు నొక్కుకోవడం చూసి మాస్టారు అడిగారు.

“నొప్పిగా ఉందా?”

“ఉందండి.”

“ఆవిడకీ ఉండేది” అన్నారు మాస్టారు.