తోడు వచ్చినవాళ్లు

సాయంత్రం నాలుగు దాటింది. ఎండ తగ్గలేదు, గాలి ఆడటం లేదు. ఐసీయూ తలుపు పక్కన బల్ల మీద కూర్చున్న నాంచారమ్మకు లోపలి మాటలు వినిపిస్తున్నాయి.

పెద్ద డాక్టరు కృపానందంగారికి ఒక అలవాటు. శిష్యులు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పరు. "ఉండమ్మా, చూద్దాం" అంటారు. ఆవేళ అడిగింది వాసంతి, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న చిన్న డాక్టరు.

"విరేచనాలతో హేమకు బీపీ పడిపోతే సెలైన్ ఎక్కించాం సార్. బీపీ వచ్చింది. మందులు కలిపినా అందులోనే కలిపాం. సోడియం సరిగ్గా ఉంది. వట్టి ఉప్పునీళ్లే కదా! మరి మూత్రం ఎందుకు ఆగిపోయింది?"

"రిపోర్టులో సోడియం పక్కన ఏముందో చదువు."

"క్లోరైడ్... బాగా పెరిగింది సార్. చూశాను. దాని గురించి ఎవరూ అంతగా అడగరు కదా అని..."

"ఉండమ్మా, చూద్దాం."

హేమ నాంచారమ్మ కూతురు. బంధువుల గృహప్రవేశంలో తిన్నది వికటించి ఇంట్లో ముగ్గురు మంచాన పడ్డారు. భర్తా కొడుకూ తేరుకున్నారు. కూతురికే కిడ్నీలు మొరాయించాయి. డయాలిసిస్ పెట్టాల్సి రావచ్చని పొద్దున చెప్పారు. అది విన్నప్పట్నుంచి ఆమెకు ఒకటే కోరిక, బిడ్డ చెయ్యి పట్టుకోవాలని. చూడనిచ్చేది రోజుకు పావుగంట.

వాసంతి మంచి పిల్ల. బంధువులు బతిమాలుకుంటే ఆ పావుగంటలోనే హేమ పెదనాన్ననీ, మేనత్తనీ, మేనమామనీ కూడా రానిమ్మంది. ముగ్గురే. కానీ మనవాళ్లలో ఆసుపత్రికి ఒంటరిగా వచ్చేదెవరు? పెదనాన్నకు చూపు ఆనదని చెయ్యి పట్టుకుని ఒకాయన వచ్చాడు. మేనత్త వెనకాల ఆమె కోడలు. మేనమామ వెంట ఎప్పుడో కాంపౌండరుగా చేసిన స్నేహితుడు.

"ఇది ఆసుపత్రా, పెళ్లివారి విడిదా?" అని నర్సు విసుక్కుంది.

"మా పిల్లని మేం చూసుకోవద్దా తల్లీ?" అంటూ మేనత్త ముందుకు తోసుకొచ్చింది.

అందరూ మంచం చుట్టూ మూగారు. కాంపౌండరు సీసాలు లెక్కపెట్టి, "వైద్యం బానే చేస్తున్నారు" అని తీర్పు చెప్పాడు. నాంచారమ్మ వెనకబడిపోయింది.

"నువ్వు రోజూ చూసేదేగా వదినా, మమ్మల్నీ కాస్త చూడనీ," అంది మేనత్త.

నాంచారమ్మ మునివేళ్ల మీద నిలబడింది. కాంపౌండరు వీపుకూ కోడలి భుజానికీ సందులోంచి హేమ చెయ్యి కనిపించింది. ఆ చెయ్యి దుప్పటి మీద దేనికోసమో తడుముకుంటోంది. తల్లి చెయ్యి చాచింది. అందలేదు. టైమైపోయిందని నర్సు అందర్నీ బయటికి పంపేసింది.

వాళ్లు కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయారు. తలుపు దగ్గరే నిలబడిపోయిన నాంచారమ్మను చూసి వాసంతి మొహం చిన్నబోయింది.

"ముగ్గురినే పిలిచాను సార్. అదీ, కావలసినవాళ్లనే."

"పిలిచినవాళ్లనే లెక్కపెట్టావు," అన్నారు కృపానందంగారు. తలెత్తి సెలైన్ సీసా వైపు చూశారు. "మనం సోడియం కావాలనే పిలిచాం. అది మాత్రం ఒంటరిగా వచ్చిందా? కిడ్నీకి రక్తం వెళ్లే దారి అసలే సన్నం. వెంట వచ్చిన క్లోరైడ్ మూగితే అది ఇంకా ఇరుకైపోతుంది."

వాసంతి వెళ్లి ఆ సీసా తీయించి, క్లోరైడ్ తక్కువుండే వేరే సీసా పెట్టించింది. ఆయన తలుపు తెరిచి పట్టుకుని, "నువ్వు రా అమ్మా" అని నాంచారమ్మను పిలిచారు. ధైర్యం చెబుదామని వాసంతి కూడా ఆమె వెంట కదలబోయింది.

"నువ్వు ఆగు," అన్నారాయన.

హేమ చెయ్యి చల్లగా ఉంది. మంచానికి వేలాడే మూత్రం సంచిలో అడుగున మాత్రం కాసిని చుక్కలు, డికాక్షన్ రంగులో. నాంచారమ్మ కూతురి వేళ్లు ఒక్కొక్కటీ మడిచింది.

"నాన్న ఇంటికొచ్చేశాడే. తమ్ముడూ వచ్చేశాడు. ఇద్దరయ్యారు." మూడో వేలు మడవలేదు. దాన్ని గుప్పిట్లో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

వెనక నుంచి వాసంతి గొంతు మెల్లగా వినిపించింది. "తేరుకుంటుందా సార్?"

ఆయన ఆ సంచి వైపు చూశారు.

"దారి ఆలస్యంగా వదిలామమ్మా."