భూమిని చేపట్టిన అరుణకేశిని

పూర్వం పశ్చిమ సముద్రం నడుమ, ఏడాదిలో తొమ్మిది నెలలు మంచుతెరల్లో మునిగి, సూర్యభగవానుడు సైతం మొహమాటానికి వచ్చి పోతున్నట్టుండే తుషారద్వీపాన్ని, నిప్పుకణికల వంటి కురులు గలదీ, సకలశాస్త్ర పారంగతురాలూ, ఆరు దేశాల భాషల్లో రాయబారుల నోళ్లు మూయించగలదీ అయిన అరుణకేశినీ దేవి పరిపాలిస్తూ ఉండేది. ఆమె అవివాహిత. ఈ మాట వినగానే మీలో సగం మంది "అయ్యో, ఎందుకు చేసుకోలేదు?" అని అడగబోతున్నారని నాకు తెలుసు. ఆ ద్వీపపు మంత్రులూ నలభై నాలుగేళ్లు ఇదే అడిగారు. కాస్త ఓపిక పట్టండి.

ఆమె తండ్రి మహోగ్రవర్మ, కొడుకు కావాలన్న ఒక్క కోరికతో ఒకరి తరువాత ఒకరిగా అయిదుగురిని పెళ్లాడి, నచ్చనివారిని కారాగారాలపాలు చేసి, ఎట్టకేలకు ఒక కొడుకును కనగా, ఆ కొడుకు కాస్తా పట్టాభిషిక్తుడైన ఆరేళ్లకే కన్నుమూశాడు. ఇంత రభస జరిగాక సింహాసనం దక్కింది, పుట్టినప్పుడు తండ్రి ముఖమైనా చూడని ఆ ఆడపిల్లకే. ఆ మహానుభావుడు మొదటే ఊరుకుని ఉంటే ఎందరి ఉసురు తగలకుండా ఉండేదో!

ఆ ద్వీపంలో ఒక ఆచారం ఉంది. పట్టాభిషేకం నాడు ఏడు సీమల మట్టిని రాగి గంగాళంలో పోసి, సముద్రజలంతో తడిపి, రాజు తన కుడిచేతిని మణికట్టు దాకా అందులో ముంచి భూదేవిని చేపట్టాలి. ఆ క్షణం నుంచి ఆమె అతనికి ధర్మపత్ని. అతను పోతే నేలకు మూడు రోజులు మైల, నాగలి కదలకూడదు. అయితే స్త్రీ సింహాసనం ఎక్కినప్పుడు మాత్రం ఆమె ఆ గంగాళాన్ని తాకరాదు. తరువాత ఆమె భర్త వచ్చి చేయి ముంచుతాడు, రాజ్యం అతనిదవుతుంది.

శాస్త్రం ఇంత స్పష్టంగా చెబుతుండగా, తపోవృద్ధుడైన కులగురువు మేఘవ్రతుడు, తండ్రికీ కొడుకుకీ పట్టం కట్టిన అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని మంత్రం చదువుతూ చదువుతూ, "ఇక చేయి ముంచు" అన్నాడు. రాణి ఒక్క క్షణం ఆగి, గురువు ముఖం చూసి, చేయి ముంచింది. సభ సభంతా జయజయధ్వానాలు చేస్తూ అక్షతలు చల్లింది. ఒక్కడంటే ఒక్కడు గమనించలేదు!

ఇంటికి వెళ్లి కాళ్లు కడుక్కుంటుండగా గురువుకు విషయం తట్టింది. కర్మలోపానికి శిక్ష దేశబహిష్కారం. ఆయన తడికాళ్లతోనే పరుగున వచ్చి పాదాల మీద పడబోగా, రాణి పట్టుకుని ఆపి, "తాతగారూ, ఈ వయసులో మిమ్మల్ని పడవ ఎక్కించలేను. ఈ మాట మన ఇద్దరి మధ్యే ఉండాలి" అని ఒట్టు వేయించుకుంది.

ఇక చూడండి మంత్రుల వైభవం. నీతికోవిదుడైన మహామంత్రి నయసారుడు పదిహేడేళ్లపాటు నెల తప్పకుండా చిత్రపటం వెంట చిత్రపటం తెచ్చాడు. కరువు గురించి అడిగితే పెళ్లి, ఓడరేవు గురించి అడిగితే పెళ్లి.

"మహారాణీ, ఇతడు మంచుకొండల ప్రభువు. శౌర్యంలో సాక్షాత్తు సింహం."

"అమాత్యా, పోయిన నెల తెచ్చినవాడూ సింహమే కదా! ఇన్ని సింహాలను నేనెక్కడ కట్టెయ్యను?"

ఇలా ఉండగా దక్షిణ తీరాధీశుడూ బలగర్వితుడూ అయిన ప్రచండబాహువు, నూట ముప్పై ఓడలతో వచ్చి ద్వీపం ఎదుట లంగరు వేసి, "మూడు రోజుల్లో నన్ను పెళ్లాడు, లేదా ద్వీపాన్ని వదులుకో" అని కబురంపాడు.

"రెండూ ఒకటే కదా, దీనికి రెండు వాక్యాలెందుకు?" అని రాణి విసుక్కుంది. మంత్రులు మాత్రం మోకాళ్ల మీద పడ్డారు. "తల్లీ, మన దగ్గర నలభై ఓడలైనా లేవు. పౌరుషం పక్కన పెట్టి ఒప్పుకో!" అని నయసారుడు ప్రాధేయపడుతుండగా, మూల ఆసనం మీది నుంచి మేఘవ్రతుడు కర్ర ఊతంగా లేచాడు.

"చాలించండయ్యా! ఇక నా వల్ల కాదు. ఆమెకు పెళ్లయిపోయింది. చేసింది నేనే. మట్టిలో చేయి ముంచమన్నదీ నేనే, అక్షతలు వేసింది మీరే. నన్ను కాపాడడానికి ఆ తల్లి ఇన్నేళ్లూ మీ పోరు పడింది. ఇప్పుడు దాటించండి నన్ను దేశం!"

ముందుగా తేరుకున్నవాడు నయసారుడే. "పొరపాటున జరిగినదాన్ని రద్దు చేసే మార్గం ఉండాలి కదా, గురుదేవా?"

"ఉంది. అదే గంగాళంలో ఆమె మళ్లీ చేయి ముంచాలి. మట్టి అంటకుండా జారిపోతే భూదేవి ఆమెను విడిచిపెట్టినట్టు."

రాణి సింహాసనం దిగింది. "జారిపోతే మారు మాట్లాడను. ఆ ప్రచండబాహువునే చేసుకుంటాను. పదండి."

సముద్రతీరాన గంగాళం పెట్టారు. మంత్రులు మట్టి జారాలని వేయి దేవుళ్లకు మొక్కుతుండగా, రాణి కుడిచేయి మణికట్టు దాకా మట్టిలోకి దిగింది. పైకి తీసేసరికి మట్టి మోచేతి దాకా పట్టుకుని ఉంది. నయసారుడు ఉత్తరీయంతో తుడవబోగా, నేల కంపించి, సస్యశ్యామలాంగి, సర్వంసహ అయిన భూదేవి ప్రత్యక్షమై ఇలా పలికింది:

"ముట్టుకోకు, నయసారా! నన్ను సర్వంసహ అంటారని ఎంతకని సహించను? ఎందరో రాజులు నా చేయి పట్టుకున్నారు. పట్టుకున్న మర్నాడే వేటకో యుద్ధానికో పోయారు. ఈమె ఒక్కతే నాతో కాపురం చేసింది. కరువులో నా బీటలు లెక్కపెట్టింది. ఈమెను నేను విడవను. వరుణా, చూస్తూ నిలబడ్డావేం?"

వరుణదేవుడు ఉలిక్కిపడి వాయుదేవుణ్ణి కేకేయగా, చూస్తుండగానే ఆకాశం నల్లబడి, కెరటాలు కొండలై, నూట ముప్పై ఓడలూ లంగర్లు తెంచుకుని తలోదిక్కుకూ కొట్టుకుపోయాయి.

"వరం కోరుకో, అరుణకేశినీ."

"తల్లీ, నా పెళ్లి మాట ఈ సభలో ఇంకెవరూ ఎత్తకుండా చూడు."

భూదేవి నిట్టూర్చింది. "సముద్రాన్ని వెనక్కి నెట్టమను, నెడతాను. పెళ్లి పెద్దల నోళ్లు మూయించడం నా తరం కాదు. వేరే అడుగు."

"అయితే నేను బతికుండగా నిన్ను మరొకరి చేతికి ఇవ్వనివ్వకు."

"తథాస్తు."

గురువుకు క్షమాభిక్ష దొరికింది. నయసారుడు రెండు నెలలు ఊరుకుని, మూడో నెల మళ్లీ చిత్రపటం తెచ్చాడు.

వరం ప్రకారమే మరో ఇరవై ఏడేళ్లు ఏలి, తన తరువాత పినతండ్రి మనుమడికి పట్టం కట్టమని చెప్పి, రాణి కన్నుమూసింది. మూడు రోజుల మైల చాటించారు. పూర్వపు రాజుల కాలంలో ఆ మూడు రోజులూ భటులు కావలి కాస్తే తప్ప రైతులు ఆగేవారు కారు. ఈసారి నాలుగో రోజూ నాగలి కదలలేదు. ఏడో రోజూ కదలలేదు. అదను దాటిపోతోందని తొంభై ఏళ్ల నయసారుడు కర్ర పట్టుకుని పొలానికి పోయి, గట్టు మీద కూర్చున్న ఒక ముసలి రైతును గదమాయించాడు.

"మైల తీరిందయ్యా, దున్నరేం?"

"దున్నుతాం లెండి బాబూ. మీ మైల మూడు రోజుల్లో తీరింది. నేలకి తీరొద్దూ? ఆయమ్మ దాన్నొదిలి ఒక్క పూటైనా ఎక్కడికీ పోలేదు."

నయసారుడు చెప్పులు విప్పి, ఆ రైతు పక్కనే గట్టు మీద కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. పదమూడో రోజున వాన పడింది, నాగళ్లు కదిలాయి, కొత్త రాజు గంగాళంలో చేయి ముంచాడు.

ఈ కథను శ్రద్ధగా విన్నవారి పొలాలు పండుతాయి. పెళ్లికాని ఆడపిల్ల ఎదురైతే వారు ముందుగా ఆమె చేస్తున్న పని గురించి అడుగుతారు. అలా అడగనివారు మళ్లీ మొదటి నుంచి వినవలసి ఉంటుంది.