ముద్ర పడ్డ మోదుగాకు

దండకొండ అడవిలో బేరసారాలన్నీ మోదుగాకులతోనే. నక్క మంత్రి కాలిముద్ర వేసిన ఆకు ఒకటిస్తే రాజుగారి గాదెలో సోలెడు ఉలవలు కొలిచివ్వాలి. గాదెలో ఎన్ని సోలలుంటే అన్నే ఆకులు. ఏనుగు రాజు పెట్టిన కట్టుబాటది.

కంచే చేను మేస్తే కాపాడేదెవరు? నక్క కొండమీద కొత్త గుహ తవ్వించుకుంది. ఆకులు చాలనప్పుడల్లా కొత్తవి దూసి ముద్రలు కొట్టింది. ధరలు పెరగకముందే ఆ ఆకులతో అడవిలోని గింజలన్నీ కొని గుహ నింపుకుంది. గాదెలో గింజ పెరగలేదు, బయట ఆకులు మాత్రం గుట్టలుపడ్డాయి. పొద్దున ఒక ఆకుకు వచ్చిన గడ్డిమోపుకు సాయంత్రం బుట్టెడు ఆకులు పోయాలి.

చుక్కమ్మ అనే మేక పిల్లల ఎండాకాలపు తిండికోసం పాలమ్మి ఆకులు దాచుకుంది. ఇప్పుడా మూటంతా ఇచ్చినా గుప్పెడు తవుడు రాదు. దానికి కడుపు మండిపోయింది.

"ఇక ఆకులొద్దు. పాలు కావాలంటే గడ్డి తెండి!" అంది.

వెంటనే నక్క దండోరా వేయించింది: "ముద్ర పడ్డ ఆకును కాదన్నవాడు, ఎవడైనా సరే, అడవి విడిచిపోవాలి!"

"నోరు మూసుకో వదినా, నీకెందుకీ గొడవ?" అంది కుందేలు.

"నేను నోరు మూసుకుంటే నా పిల్లల నోట్లోకి ఏమొస్తుంది? ఎవడైనా సరే అన్నాడుగా. పద, అందర్నీ మూటలతో రమ్మను!"

రాజుగారి కొలువులోనే చుక్కమ్మ మూట దబ్బున పడేసింది.

"కొలవండి మంత్రిగారూ, ఆకుకు సోలెడు."

"అది పాత ధర. ఇప్పుడు సోలకు బండెడాకులు."

"ముద్ర ఎవరిది?"

"నాదే."

"మరి కాదంటున్నదెవరు?"

ఏనుగు రాజు నక్కవైపు తొండమెత్తి, "నీ దండోరా నీకు చెల్లదా?" అని ఘీంకరించాడు.

నక్క కొలిచింది. గాదె ఊడ్చుకుపోయింది, గుహ కూడా ఖాళీ అయింది. ప్రతి ఇంటికీ ఎంతో కొంత దక్కినా ఇంకా సగం మూటలు మిగిలాయి.

"ఇక నావల్ల కాదు, ఈ ఆకులు చెల్లవు!" అని నక్కే అరిచింది.

అంతే, అడవి విడిచిపోవాల్సి వచ్చింది. ఏరు దాటించమని దున్నపోతుకు ఒక ఆకు చూపించింది.

దున్నపోతు పగలబడి నవ్వింది. "దాంతో విస్తరి కుట్టుకో, బావా. అన్నం మాత్రం నువ్వే వెతుక్కో!"

గింజ లేని ముద్ర ఎంత గట్టిగా కొట్టినా ఆకు ఆకే.