యజ్ఞశాలలో నిలబడిన అతిథి

పూర్వం ద్వాపరయుగారంభంలో, అసురమర్దనుడని కీర్తికెక్కిన జయంధర మహారాజు, వానలు ముఖం చాటేసి రాజ్యమంతా బీడువారగా, ప్రజల ఆకలి చూడలేక, పర్జన్యుని ప్రసన్నుణ్ణి చేసుకొనగోరి మహాయజ్ఞం తలపెట్టాడు. పూర్ణాహుతి ముగిసేవరకు యజమాని పీట మీది నుంచి లేవరాదు. లేస్తే యజ్ఞం భగ్నం. ఆ నియమమే ఆయనకు ప్రాణసంకటమైంది.

నేతిధార అగ్నిలో పడి చిటపటలాడగానే ఆయన కంటికి యజ్ఞశాల మాయమయ్యేది. దహనాక్షుడనే అసురుడు యుద్ధంలో అంటించిన అడవి ఎదుట లేచేది. గుర్తుకు వచ్చినట్లు కాదు, అప్పుడే జరుగుతున్నట్లు! కాలుతున్న గుర్రపు జూలు కమురువాసన, విరిగిన రథం కింద చిక్కి "ప్రభూ!" అని అరుస్తున్న సారథి సుదంతుడు. మహారాజు కెవ్వున కేకవేసి పీట మీది నుంచి దూకేవాడు. ఒకసారి అలాగే యజ్ఞం చెడింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అదే తంతు. ఇంకొక్కమారు చెడితే ఆ నేల హవిస్సు ముట్టబోమని దేవతలు తేల్చి చెప్పారు.

ప్రధాన ఋత్విజుడైన వామరథుడు ఇది రాక్షసబాధ అని నిర్ణయించాడు. ఆయన ఎరిగిన మందు ఒక్కటే, మంట. తలుపులు బిగించి, తెల్లావాలూ గుగ్గిలమూ గుప్పిళ్ళతో హోమంలో పోయించాడు. ఆవాలు పేలుతుంటే అచ్చం అడవిలో వెదుళ్ళు పేలినట్లే ఉంది. పాపం, తరమబోయినదానికి హారతిపట్టి మరీ స్వాగతం పలికాడా మహానుభావుడు! మహారాజు చెమటతో తడిసి, లేవకుండా పీట అంచులు గట్టిగా పట్టుకున్నాడు.

అంతలో మూసిన తలుపులు మూసినట్లే ఉండగా, జటాధారిణి అయిన ఒక వృద్ధ తాపసి హోమగుండం పక్కన కనిపించింది. అంత మంట వెలుగులోనూ ఆమెకు నీడ లేదు.

"రాజా, అతిథిని నిలబెట్టి నువ్వు కూర్చున్నావేమి?" అన్నదామె.

"అతిథి ఎక్కడ తల్లీ?"

"నీ వెనక."

మహారాజు మెడ తిప్పాడు. ఒళ్ళంతా కమిలి, మణికట్టుకు తెగిన పగ్గం చుట్టుకుని, సుదంతుడు నిలబడి ఉన్నాడు.

"అమ్మా! వీణ్ణి నా మనసులోంచి చెరిపివేయండి! మీ కాళ్ళు పట్టుకుంటాను!"

"చెరిపితే చిన్ననాడు నిన్ను గుర్రమెక్కించిన వాడి చేతులు కూడా పోతాయి, నాయనా. భయం ముంచెత్తిన క్షణాన నీ మనసు ఆ ఘడియను గడిచిన ఘడియల సరసన కూర్చోబెట్టలేకపోయింది. అందుకే అది ఇంకా గడవలేదు. ఒక వాసన చాలు, ఒక చప్పుడు చాలు, లోపలికి వచ్చేస్తుంది. నువ్వేమో చూసిన ప్రతిసారీ తలుపు వేస్తున్నావు. గృహస్థుడివి, అతిథిమర్యాద నేను నేర్పాలా?"

మహారాజు పీట మీదనే అటు తిరిగి, దర్భాసనం పరిచి, కలశంలోని నీళ్ళతో ఆ కాలిన పాదాలు కడిగాడు. ఋత్విజులకు ఆ పాదాలు కనబడలేదు. నేల మీద పారిన నల్లని మసినీళ్ళు మాత్రం కనబడ్డాయి.

"అయ్యా, తమరు ఏ పని మీద దయచేశారు?" అని విధి ప్రకారం అడిగాడు.

"ఆనాటి మాట మీ నోట వినాలని, ప్రభూ."

వందిమాగధులు పాడని ఆ మాటను మహారాజు ఋత్విజులందరి ఎదుట మొదటిసారి చెప్పాడు. "నువ్వు పిలిచావు. విన్నాను. కత్తి నా చేతిలోనే ఉంది. దానితో గుర్రాన్ని విడిపించుకుని, నిన్ను వదిలి పారిపోయాను. భయపడ్డాను, సుదంతా."

సారథి క్షమించాననలేదు, నిందించనూ లేదు. "నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయి ప్రభూ" అంటూ దర్భాసనం మీద కూర్చున్నాడు.

మహారాజు పూర్ణాహుతి అందుకున్నాడు. నెయ్యి చిటపటలాడింది. అడవి లేచింది. కానీ ఈసారి కింద పీట తగులుతూనే ఉంది, పక్కన సుదంతుడు కూర్చునే ఉన్నాడు. ఆహుతి అగ్నిలో పడింది. పైకప్పు మీద టపటపమని చినుకులు మొదలయ్యాయి.

తాపసి రూపం విడిచి, అంగిరసుని ధర్మపత్ని అయిన స్మృతిదేవి దివ్యతేజస్సుతో నిలిచి, "రాజా, ఇక వీడు అతిథిగానే వస్తాడు, అతిథిగానే వెళతాడు. నీ ఇంటికి నువ్వే యజమానివి. ఇదే నా వరం" అని అంతర్ధానమైంది.

ఆ రాజ్యం మళ్ళీ పచ్చబడింది. జయంధరుడు చిరకాలం ధర్మంగా ఏలాడు. ఆయన చేసిన ప్రతి యజ్ఞంలోనూ తన పక్కన ఒక ఖాళీ దర్భాసనం పరిపించేవాడు. నెయ్యి చిటపటలాడగానే అటు వంగి, "వచ్చావా సుదంతా? కూర్చో" అనేవాడు.